పోర్టులో సస్టైనబిలిటీ ఉద్యోగం, క్రూయిజ్ పని కూడా చూడాలట. చేరొచ్చా?

సూళ్ళూరుపేట_ప్యాసింజర్
అందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చేశాను. ఇప్పుడు గుమ్మిడిపూండి సిప్‌కాట్ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక ఫ్యాక్టరీ ఈటీపీ (మురుగునీరు శుద్ధి చేసే ప్లాంటు) చూసుకుంటున్నా, అంటే పొద్దున్నే పీహెచ్ చూడటం, సీఓడీ (నీటి కాలుష్యం కొలత) రాయడం, బురద లారీకి ఎక్కించడం, అంతే. ఒక కన్సల్టెన్సీ వాళ్ళ నుంచి ఆఫర్ వచ్చింది. పని చెన్నై పోర్టులో, కాంట్రాక్టు మీద. పోస్టు పేరు చదివేలోపు ఊపిరి అయిపోతుంది, సారాంశం ఏంటంటే సగం సస్టైనబిలిటీ, సగం క్రూయిజ్ టూరిజం కోఆర్డినేషన్. డీజిల్, కరెంటు, చెత్త లెక్కలు నెలనెలా రిపోర్టు చెయ్యాలి, క్రూయిజ్ ఓడ వచ్చిన రోజు టెర్మినల్ దగ్గర ఉండాలి అన్నారు. జీతం ఇప్పటికంటే కాస్త ఎక్కువే. నాన్న "పోర్టంటే గవర్నమెంటే కదా, కళ్ళు మూసుకుని చేరిపో" అంటున్నారు. అమ్మకేమో ఓడ అనగానే నన్ను సముద్రం మీదకి తోలేస్తారని భయం. నా డౌట్లు రెండే. ఇది నిజంగా పనా లేక ఫైళ్ళు నింపడమా? క్రూయిజ్ ఓడలు ఏడాదంతా రావు కదా, రాని నెలల్లో నన్నేం చేస్తారు? ఆ లైన్లో ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పల్లావరం_పాండు
ముందు స్టాఫ్‌కి క్రూయిజ్ టికెట్ ఫ్రీనా కాదా అడుగు బ్రో. మిగతావన్నీ తర్వాత.

హార్బర్_బాబాయ్
బాబూ, మొట్టమొదట నాన్నగారికి చెప్పు, ఇది గవర్నమెంటు ఉద్యోగం కాదు. పోర్టు అథారిటీ రోల్స్ మీద ఉన్నవాళ్ళు వేరు, కాంట్రాక్టర్ తరఫున గేటు లోపలికి వచ్చి పనిచేసేవాళ్ళు వేరు. ఇద్దరూ ఒకే క్యాంటీన్‌లో టీ తాగుతారు, అంతవరకే. కాంట్రాక్టు ఎన్నేళ్ళకి, రెన్యువల్ ఎవరి చేతిలో ఉంది, పీఎఫ్ కడతారా, ఇవి కాగితం మీద చూసుకో.

రెండోది. నేను స్టీవ్‌డోరింగ్‌లో, అంటే ఓడల సరుకు ఎక్కించి దించే పనిలో చేసి రిటైరయ్యాను, ఇల్లు రాయపురంలోనే. ఇక్కడ బొగ్గు, ఇనుప ఖనిజం దిగే రోజుల్లో మేడ మీద ఆరేసిన పంచె సాయంత్రానికి తెల్లగా ఉండేది కాదు. మా ఆవిడ వడియాలు పెట్టడమే మానేసింది, పైన గుడ్డ కప్పినా లోపల నల్లటి నలుసులు. గాలి ఒక పక్క నుంచి వీస్తే నలుపు, ఇంకో పక్క నుంచి వీస్తే ఎరుపు. అప్పుడు సస్టైనబిలిటీ ఆఫీసర్లూ లేరు, రిపోర్టులూ లేవు. వ్యవహారం కోర్టుకెక్కింది, 2011లో మద్రాసు హైకోర్టు ఆ సరుకు ఇక్కడ దించొద్దంది, ఆ ఏడు అక్టోబరు నుంచి ఆగిపోయింది. బొగ్గు ఉత్తరాన ఉన్న ఎన్నూరు పోర్టుకి పోయింది. ఆ పోర్టు 2001లో మొదలైందే థర్మల్ స్టేషన్ల బొగ్గు కోసం కాబట్టి వాళ్ళకి అది కొత్త కాదు. మా ఇంటి మేడ బాగుపడింది. ఎన్నూరులో మేడలున్నవాళ్ళని అడిగితే వేరే కథ చెబుతారు. ఈ ఉద్యోగంలో చేరితే నీకు ఎదురయ్యే అసలు చిక్కు ఇదే. ఇక్కడ తగ్గింది అని నువ్వు రాసినప్పుడు అది నిజంగా తగ్గిందా, లేక పక్క ఊరికి జరిగిందా?

వాల్తేరు_అమ్మాయి
బాబాయ్ గారు పెద్ద ప్రశ్న వేశారు, నేను చిన్న ప్రశ్నకి సమాధానం చెప్తా. నేను షిప్ ఏజెన్సీలో పని చేస్తున్నా, ముందు వైజాగ్, ఇప్పుడు చెన్నై.

సీజన్ సంగతి ఇలా ఉంటుంది తమ్ముడూ. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల వల్ల ముంబై వైపు సముద్రం బాగోదు, అందుకని అక్కడ తిరిగే ఓడ ఇటు వస్తుంది. 2022 జూన్‌లో కార్డేలియా క్రూయిజ్ కంపెనీ వాళ్ళ ఎంప్రెస్ ఓడ చెన్నై నుంచి మొదలైంది అలాగే. అప్పుడు పుదుచ్చేరిలో ఆగాలనుకున్నారు, అక్కడి ప్రభుత్వం ఒప్పుకోలేదు. 2023 జూన్‌లో శ్రీలంక ట్రిప్పులు మొదలుపెట్టారు, హంబన్‌తోట, ట్రింకోమలీ, కాంకేసన్‌తురై. అక్టోబరు తర్వాత మనకి తుపాన్లు కాబట్టి ఆ ఓడ అటు వెళ్ళిపోతుంది. విదేశీ ఓడలు వస్తే చలికాలంలో వస్తాయి, అవి చాలావరకు పొద్దున వచ్చి రాత్రికి వెళ్ళిపోయేవి. ఇవి కాక అండమాన్ ఓడలు ఎలాగూ ఉన్నాయి. క్రూయిజ్ అని ఎవరూ అనరు గానీ ఏడాది పొడుగునా ప్యాసింజర్లు ఎక్కేదీ దిగేదీ వాటిల్లోనే. వాటి చెత్త కూడా చెత్తే, నీ లెక్కలో రావాలి.

ఓడ రోజు ఎలా ఉంటుందో చెప్తా, ఎందుకంటే బయటివాళ్ళు బ్యాండ్ మేళం ఫొటోలే చూస్తారు. ముందురోజు రాత్రి బెర్తు, అంటే ఓడ కట్టే చోటు, కడిగిస్తారు. తెల్లవారుజామున పైలట్ ఎక్కి లోపలికి తెస్తాడు, టగ్గులు నెడతాయి, తాళ్ళు కట్టాక గ్యాంగ్‌వే వేస్తారు. పోర్ట్ హెల్త్ వాళ్ళు సరే అనేదాకా ఎవ్వరూ దిగకూడదు. తర్వాత ఇమిగ్రేషన్, కస్టమ్స్, సీఐఎస్‌ఎఫ్, ఎవరి లిస్టు వాళ్ళది, ఆ లిస్టుల్లో ఒక్క పాస్‌పోర్టు నంబరు తేడా వచ్చినా అందరూ నీ మొహమే చూస్తారు. ట్రిప్పు మన దగ్గరే మొదలయ్యే ఓడ అయితే పాతవాళ్ళు దిగుతుండగానే కొత్తవాళ్ళు సూట్‌కేసులతో బయట నిలబడి ఉంటారు, కూరగాయల లారీలు ఒక పక్క, లాండ్రీ ఇంకో పక్క. ఆ హడావుడిలోనే చెత్త దిగుతుంది. ప్లాస్టిక్ వేరు, గాజు వేరు, వాడిన వంటనూనె డ్రమ్ముల్లో, ఇన్సినరేటర్ బూడిద వేరు. మార్పోల్ (ఓడల కాలుష్యం మీద అంతర్జాతీయ ఒప్పందం) ఐదో అనుబంధం ప్రకారం ఓడ రికార్డు పుస్తకంలో ఇదంతా క్యూబిక్ మీటర్లలో రాస్తారు. లారీ కాంట్రాక్టర్ మాత్రం వేబ్రిడ్జి చీటీ కిలోల్లో ఇస్తాడు. ఓడ ఏమో రసీదు మీద స్టాంపు పడితే గానీ కదలనంటుంది, సాయంత్రం బయల్దేరే టైము దగ్గరపడుతుంటుంది, అటు ఘనపరిమాణం ఇటు బరువు, రెండూ పొంతన కుదరక నువ్వు మధ్యలో. ఫైళ్ళు నింపే పనా అని అడిగావు కదా. అవును ఫైలే, కానీ ఆ ఫైలు కంపు కొడుతుంది, ఎండలో నిలబడి రాయాలి.

సూళ్ళూరుపేట_ప్యాసింజర్
అక్కా థాంక్స్. కంపు నాకు అలవాటే, ఈటీపీ కదా 😀 ఓడలో మిగిలిన అన్నం, మురుగు ఇవన్నీ కూడా మన దగ్గరే దించుతారా?

ఇంజిన్_రూం
లేదు. ప్లాస్టిక్ సముద్రంలో ఎక్కడా వేయకూడదు, అది పూర్తిగా నిషేధం. తిండి మిగులు మాత్రం తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళు దాటాక వదలొచ్చు, మెత్తగా నూరితే 3 మైళ్ళు దాటాకే వదలొచ్చు. టాయిలెట్ మురుక్కి నాలుగో అనుబంధం, దానికీ దూరాలూ ట్రీట్‌మెంటూ ఉన్నాయి. స్నానాలు, బట్టలు, వంటింటి సింకుల నీళ్ళకి మార్పోల్‌లో రూలే లేదు. జనం ఎక్కువ ఉండే ఓడలో అన్నిటికంటే ఎక్కువ వచ్చే నీళ్ళు అవే మరి. కొన్ని దేశాలు సొంతంగా రూల్స్ పెట్టుకున్నాయి.

కానీ మీరంతా చెత్త దగ్గర ఆగిపోయారు, అసలు విషయం పొగ. నేను మర్చంట్ నేవీలో ఇంజినీర్ని. కంటైనర్ ఓడ బెర్తుకి కట్టాక దాని కరెంటు అవసరం బాగా తగ్గుతుంది. క్రూయిజ్ ఓడకి అలా కాదు, అది తేలే హోటల్. ఏసీలు, వంటిళ్ళు, లిఫ్టులు, ఫ్రీజర్లు అన్నీ నడుస్తూనే ఉండాలి, కొన్ని మెగావాట్లు నిరంతరం కావాలి, పెద్దవాటికి పది దాటుతుంది. ఆ కరెంటు ఎక్కడిది? ఓడలోని జనరేటర్లు. అంటే రాజాజీ సాలై పక్కన, బీచ్ స్టేషన్‌కి కూతవేటు దూరంలో, పగలంతా ఒక చిన్న పవర్ ప్లాంటు నడుస్తున్నట్టే. 2020 జనవరి నుంచి ప్రపంచమంతా ఓడల ఇంధనంలో గంధకం 3.5 శాతం నుంచి 0.5కి దించారు, మేలే జరిగింది. యూరప్ పోర్టుల్లో కట్టేసి ఉన్న ఓడకి 0.1 మాత్రమే, అదీ 2010 నుంచే.

దీనికి మందు ఒడ్డు నుంచి కరెంటు ఇవ్వడం. అలాస్కాలో జూనో అనే చిన్న ఊరు 2001లోనే క్రూయిజ్ ఓడలకి ఇచ్చింది. యూరప్‌లో పెద్ద పోర్టులన్నిట్లో 2030 నుంచి ప్యాసింజర్, కంటైనర్ ఓడలు తప్పనిసరిగా ప్లగ్ పెట్టుకోవాలి. మన దగ్గర టగ్గులకీ చిన్న బోట్లకీ ఇవ్వడం తేలిక, క్రూయిజ్ ఓడకి కష్టం. మన గ్రిడ్డు 50 హెర్ట్జ్, ఈ ఓడలు చాలావరకు 60. ఓల్టేజీ 6.6 లేదా 11 కిలోవోల్టులు కావాలి. మధ్యలో ఫ్రీక్వెన్సీ కన్వర్టర్ పెట్టాలి, దాని ఖరీదు వింటే ఎవరికైనా చెమటలు పడతాయి. ఇంత పెట్టి రెడీ చేశాక వచ్చిన ఓడకి అసలు సాకెట్టే లేకపోతే? ఎంప్రెస్ 1990లో కట్టిన ఓడ. పాత ఓడల్లో ఆ ఏర్పాటు విడిగా బిగించుకోవాలి. ఏడాదిలో కొన్ని నెలలు వచ్చే ఓడ కోసం ఆ ఖర్చు ఎవరు పెడతారు, పోర్టా, ఓడవాడా? ఇద్దరూ "నువ్వు ముందు" అనుకుంటూ కూర్చుంటారు.

హార్బర్_బాబాయ్
ఇంజినీర్ గారూ, ఒడ్డు కరెంటు అంటున్నారు, ఆ కరెంటు ఎక్కడ పుడుతుంది? నార్త్ చెన్నై థర్మల్‌లో. మళ్ళీ ఎన్నూరే!

ఇంజిన్_రూం
బాబాయ్ గారూ, మీరు అనేది కాదనను. కానీ ఎత్తయిన చిమ్నీ నుంచి వచ్చే పొగా, జనం మధ్యలో తక్కువ ఎత్తులో వచ్చే పొగా ఒకటి కాదు. పైగా తమిళనాడులో గాలిమరలు, సోలార్ దండిగా ఉన్నాయి, పోర్టు ఆ కరెంటు ఒప్పందం మీద కొనుక్కోవచ్చు. జనరేటర్ అయితే ఎప్పటికీ నూనే తాగుతుంది.

లెక్కల_లక్ష్మి
ఈ గొడవకి కాగితం మీద ఏమవుతుందో చెప్తాను, నేను లిస్టెడ్ కంపెనీలకి ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, నిర్వహణ) రిపోర్టులు చేస్తాను (అడయార్‌లో ఏసీ రూములో, ఎండలో కాదు, అక్కకి దండం).

కార్బన్ లెక్కల్లో మూడు ఖాతాలుంటాయి, వాటిని స్కోప్ అంటారు. పోర్టు సొంత టగ్గుల, క్రేన్ల, జీపుల డీజిల్ స్కోప్ వన్. కొనే కరెంటు స్కోప్ టూ. వచ్చిపోయే ఓడలు, లారీలు స్కోప్ త్రీ. ఇప్పుడు చూడండి తమాషా. ఓడ తన జనరేటర్ నడుపుకుంటే ఆ పొగ పోర్టు ఖాతాలో స్కోప్ త్రీ, అంటే చాలామంది లెక్కే కట్టరు. అదే ఓడకి పోర్టు తన మీటర్ నుంచి కరెంటు ఇస్తే, సరిహద్దులు జాగ్రత్తగా రాసుకోకపోతే పోర్టు స్కోప్ టూ పెరుగుతుంది. అంటే మంచి పని చేసినవాడి రిపోర్టు చెడ్డగా కనిపిస్తుంది! ఇంకోటి. 2023 మేలో పోర్టుల కోసం కేంద్రం తెచ్చిన హరిత్ సాగర్ మార్గదర్శకాల్లో లక్ష్యం టన్ను సరుక్కి ఎంత కార్బన్ అనే లెక్కలో ఉంది, 2030కి 30 శాతం, 2047కి 70 శాతం తగ్గాలి. క్రూయిజ్ ఓడ టన్నులు తేదు, మనుషుల్ని తెస్తుంది. టెర్మినల్ ఏసీలు, లైట్లు పైన లెక్కలో పడతాయి, కింద భాగహారంలో ఏమీ పెరగదు. కాబట్టి క్రూయిజ్ లెక్క విడిగా, ప్యాసింజర్‌కి ఇంత అని పెట్టుకోకపోతే నీ నెలవారీ రిపోర్టు ఎవరికీ అర్థం కాదు. ఇంటర్వ్యూలో ఇదొక్కటి అడుగు తమ్ముడూ. వాళ్ళ దగ్గర సమాధానం ఉంటే అది నిజమైన పని. బిక్కమొహం వేస్తే ఫొటోల పని.

కాసిమేడు_కుర్రాడు
అందరూ ఇంగ్లీషు లెక్కలు చెప్తున్నారు. మా ఇల్లు హార్బర్‌కి ఉత్తరాన. మెరీనాలో అంత ఇసుక ఎందుకుందో తెలుసా మీకు? ఈ పోర్టు గోడ కట్టాక దక్షిణం నుంచి వచ్చే ఇసుక అక్కడే ఆగిపోయింది. ఇటు ఉత్తరాన సముద్రం ఊళ్ళని తినేసింది, అందుకే రాళ్ళు పోశారు. ఊరంతా సాయంత్రం సుండల్ తింటూ కూర్చునే బీచ్ మా వాళ్ళ ఇళ్ళ ఖర్చు. 2017 జనవరి 28న ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకున్నాయి, నూనె ఒడ్డుకి వస్తే ఏం మిషన్లు తెచ్చారు? బక్కెట్లు! చేతుల్తో ఎత్తారు. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను వరదలో ఎన్నూరు క్రీక్ నిండా నూనె, మళ్ళీ పడవలేసుకుని మా వాళ్ళే తీశారు. ఇప్పుడు డబ్బున్నవాళ్ళు సముద్రంలో డాన్స్ ఆడే ఓడకి గ్రీన్ అని స్టిక్కర్ వెయ్యడానికి ఉద్యోగం. చేరు బ్రదర్, నీకు జీతం కావాలి, నాకర్థమవుతుంది. కానీ రిపోర్టులో మా పేట ఏ పేజీలో వస్తుందో ఒకసారి చూడు.

ఈసీఆర్_గైడ్
తమ్ముడూ నీ కోపంలో న్యాయముంది గానీ డాన్స్ ఓడ అని కొట్టిపారేయకు. నేను టూరిస్టు గైడుని. విదేశీ ఓడ వచ్చిన రోజు పొద్దున బస్సుల్లో మహాబలిపురం తీసుకెళ్తాం, సాయంత్రానికి తిరిగి తేవాలి. ఆ ఒక్క రోజులో బస్సు డ్రైవర్‌కి, నాకు, అక్కడ రాళ్ళు చెక్కేవాళ్ళకి పని. ఓడలో కడుపునిండా టిఫిన్ చేసి వస్తారు కాబట్టి హోటళ్ళకి మాత్రం పెద్దగా ఒరిగేదేం లేదు, అది నిజం. అయినా సముద్రం గురించి అంత బాధ ఉంటే ట్రాలర్ వలల్లో చిక్కుకుని చచ్చే తాబేళ్ళ సంగతేంటి? 2025 జనవరిలో తీరమంతా కంపు.

కాసిమేడు_కుర్రాడు
మాది ఫైబర్ బోటు సార్, ట్రాలర్ కాదు. తేడా తెలీకుండానే మహాబలిపురం చూపిస్తున్నారా?

మోడరేటర్
ఇద్దరూ కాస్త తగ్గండి. తాబేళ్ళకి విడిగా చర్చ ఉంది, అక్కడ మాట్లాడుకోండి. ఇంకో మాట, పనిచేసిన కంపెనీల మీద ఫిర్యాదులుంటే పేర్లు రాయొద్దు.

పల్లావరం_పాండు
చెన్నై ప్యారిస్ కార్నర్ దగ్గర మధ్యాహ్నం భోజనానికి మంచి ఆంధ్రా మెస్ ఏది? గోంగూర ఉండాలి. పోర్టు చర్చలోనే ఎందుకు అడుగుతున్నావంటే ఆ ఏరియా వాళ్ళందరూ ఇక్కడే ఉన్నారు కాబట్టి.

జీరోగేట్_శీను
మెస్ తర్వాత చెప్తా. నాది కంటైనర్ ట్రాన్స్‌పోర్ట్. ఇంతసేపు ఓడ పొగ గురించి మాట్లాడారు, గేటు బయట లారీల క్యూ గురించి ఒక్కరూ మాట్లాడలేదేం? ఎన్నూరు ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీద బండి అడుగు కదలాలంటే గంట పట్టే రోజులుంటాయి, డ్రైవర్ ఇంజిన్ ఆపడు, ఆపితే ముందు ఇంకోడు దూరతాడు, ఉక్కకి క్యాబిన్‌లో కూర్చోలేడు. క్రూయిజ్ ఓడ వచ్చేది ఎప్పుడో, ఈ లారీలు రోజూ. పోర్టు నుంచి మదురవాయల్ దాకా పైన రోడ్డు వేస్తామని 2009లో శంకుస్థాపన చేశారు, 2012లో ఆగింది, స్తంభాలు ఏళ్ళ తరబడి అలాగే నిలబడ్డాయి, 2022లో డబుల్ డెక్కర్ అని మళ్ళీ శంకుస్థాపన. ఆ రోడ్డు పూర్తయితే తగ్గే పొగ ముందు మీ సోలార్ ప్యానెళ్ళు ఏ మూలకి? గేటులోకి ఎప్పుడొచ్చింది ఎప్పుడు బయటికెళ్ళింది అని ప్రతి బండికీ టైము రికార్డవుతుంది. గేటు బయట ఎంతసేపు నిలబడిందో మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. ఆ లెక్క తియ్యగలిగితే నువ్వు మొనగాడివి.

లెక్కల_లక్ష్మి
శీను గారు చెప్పిందే స్కోప్ త్రీ. టెర్మినల్ ఏసీ టెంపరేచర్ రెండు డిగ్రీలు పెంచామని పేజీలకి పేజీలు రాస్తారు, ఇది మాత్రం ఒక్క లైను.

వాల్తేరు_అమ్మాయి
రాని నెలల్లో పని గురించి మిగిలిపోయింది. నువ్వు ఈటీపీలో ఉన్నావు కాబట్టి తెలిసే ఉంటుంది, జూన్ నెలాఖరుకి హజార్డస్ వేస్ట్ వార్షిక రిటర్న్, సెప్టెంబరు నెలాఖరుకి ఎన్విరాన్‌మెంటల్ స్టేట్‌మెంట్, పర్యావరణ అనుమతులకి ఆరు నెలలకోసారి కంప్లయన్స్ రిపోర్టు, పొల్యూషన్ బోర్డు కన్సెంట్ రెన్యువల్. ఇవి పోర్టుకీ ఉంటాయి. ఓడల నుంచి దిగే బురద నూనె తీసుకెళ్ళేవాళ్ళకి ఆథరైజేషన్ ఉందో లేదో, గడువు ఎప్పుడు అయిపోతుందో చూడటం కూడా. ఖాళీగా మాత్రం కూర్చోవు. క్రూయిజ్ వైపు కూడా పెరగొచ్చు, 2024 సెప్టెంబరులో క్రూయిజ్ భారత్ మిషన్ అని మొదలుపెట్టారు, 2029కి ప్యాసింజర్లని రెట్టింపు చెయ్యాలని. వైజాగ్‌లో 2023లో దాదాపు 96 కోట్లతో పెద్ద టెర్మినల్ కట్టారు, చెన్నైలోది 17 కోట్ల పైచిలుకు. మా వైజాగ్ టెర్మినల్ చూడ్డానికి ఎంత బాగుంటుందో, ఓడలు కూడా అంత బాగా వస్తే ఇంకా బాగుండు. బిల్డింగు కట్టడం సులువు, ఓడని ఒప్పించడమే కష్టం.

సూళ్ళూరుపేట_ప్యాసింజర్
అందరికీ థాంక్స్. కన్సల్టెన్సీ వాళ్ళతో నిన్న మళ్ళీ మాట్లాడాను. ఇక్కడ చదివినవి చూసుకుని అడిగాను. క్రూయిజ్ లెక్క ప్యాసింజర్‌కి విడిగా చేస్తారా అంటే అటువైపు ఆవిడ కాసేపు ఆగి "మీరు వచ్చి ఫార్మాట్ తయారు చెయ్యండి" అన్నారు. లారీల క్యూ గురించి అడిగితే అది ఈ కాంట్రాక్టు పరిధిలో లేదన్నారు. ఒడ్డు కరెంటు మీద ఫీజిబిలిటీ స్టడీ పని మాత్రం వేరే టీమ్ చేస్తోందట, డేటా నేనే ఇవ్వాలట, అంటే ఓడ ఎంతసేపు కట్టి ఉంది, జనరేటర్లు ఎంత నూనె తాగాయి అని ఓడవాళ్ళ దగ్గర రాబట్టాలి. కాంట్రాక్టు రెండేళ్ళు, పీఎఫ్ ఉంది. చేరుదామనే అనుకుంటున్నా.

కాసిమేడు బ్రదర్, మీ పేట ఏ పేజీలో వస్తుందో నా చేతిలో లేదు. ఆ కంప్లయన్స్ రిపోర్టులు పబ్లిక్‌గా పెట్టాలి కదా, పెట్టగానే లింకు ఇక్కడ వేస్తాను, చదివి తప్పులుంటే చెప్పండి.

కాసిమేడు_కుర్రాడు
వెయ్యి. చదువుతా. తమిళంలో కూడా ఉండేలా చూడు, మా వాళ్ళకి అదే వచ్చు.

ఇంజిన్_రూం
ఓడవాళ్ళని మొత్తం నూనె అడగకు, చెప్పరు. బెర్తులో ఉన్నంతసేపు ఏ జనరేటర్ ఎంత లోడు మీద నడిచిందో అడుగు, చీఫ్ ఇంజినీర్‌తో నేరుగా మాట్లాడు, ఏజెంట్ ద్వారా పోతే వారం పడుతుంది (వాల్తేరు అక్కకి క్షమాపణలు).

వాల్తేరు_అమ్మాయి
వారం కాదండీ, మీ చీఫ్‌లు మెయిల్‌కి జవాబివ్వడానికి పట్టే టైము అది.

హార్బర్_బాబాయ్
శుభం బాబూ. గేటు పాస్‌కి పోలీస్ వెరిఫికేషన్ అడుగుతారు, మీ ఊరు ఆంధ్రాలో, ఉద్యోగం ఇక్కడ, కాబట్టి ఆలస్యమవుతుంది, ఇవాళే అప్లై చెయ్యి. సేఫ్టీ బూట్లు నువ్వే కొనుక్కో, వాళ్ళిచ్చేవి సైజు కుదరదు. పొద్దున సూళ్ళూరుపేట నుంచి రోజూ వచ్చిపోతానంటే ఓడ రోజుల్లో కుదరదు, తెల్లవారుజామున రావాలి. రాయపురంలో రూములు దొరుకుతాయి, నాకు మెసేజ్ పెట్టు.

లెక్కల_లక్ష్మి
తగ్గింపు ఏ సంవత్సరంతో పోల్చి చూపిస్తారు, బేస్‌లైన్ ఏది అని అడిగావా? కొవిడ్ ఏడాది పెట్టుకుంటే నువ్వు ఎంత చేసినా పెరిగినట్టే కనిపిస్తుంది.

సూళ్ళూరుపేట_ప్యాసింజర్
అది తట్టలేదు మేడమ్. సోమవారం ఫోన్ చేసి అడుగుతా, తర్వాతే సంతకం.